పొద్దు పొడుచుట – పొద్దు గ్రుంకుట

పొద్దు పొడిచినదనియు, పొద్దు గ్రుంకినదనియు మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు. పొరుగువారి తమిళమునందలి 'పొళుదు' మన 'పొద్దు'నకు జ్ఞాతిపదమే. ఈ మాటలు కంటికి కనబడుదానిని చక్కగా తెలుపుచున్నవి. కాని నిజముగా కదలుచున్నది సూర్యుడా, మనమా?

సాత్తూరులో రైలెక్కి కోవిల్పట్టికి పోవునపుడు నల్లరేగడి చేలును, చెట్లును వెనుకకు పరుగెత్తుచున్నట్లు తోచును. కదలుచున్నది చెట్లు కావు, మనమే. ఇట్టి దృష్టాంతమునే, పడవలో పోవువానిని చూపి, క్రీ.శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు తన 'ఆర్యభటీయము'న చెప్పెను. భూమి తన యక్షముపై పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది. మనమున్న చోటు సూర్యుని వైపునకు తిరిగినపుడు ఆతడు తూర్పున పొడసూపును. ఆ చోటు తొలగిపోవునపుడు పడమట మరుగగును.

ఈ భ్రమణమువలన సాత్తూరు గంటకు సుమారు 1,650 కిలోమీటర్ల వేగమున తూర్పునకు సాగుచున్నది. అట్లయిన ఆ వేగము మనకేల తెలియదు? నేలయు, గాలియు, మనమును కుదుపు లేక కలసియే పోవుచున్నాము గనుక. కుదుపు లేని రైలులో గ్లాసులోని నీరు తొణకదు గదా! ఈ భ్రమణమును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఫూకో 1851లో పారిస్ నగరమున బరువైన లోలకమును వ్రేలాడదీసి అందరికిని కన్నులార చూపెను. గంటలు గడచినకొలది ఆ లోలకమూగు దిక్కు మెల్లగా మారుచు వచ్చెను.

భూమి గంటకు 15 డిగ్రీలు, అనగా 4 నిమిషములకొక డిగ్రీ తిరుగును. భారత ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి యేర్పడినది. సాత్తూరు 78వ డిగ్రీకి చేరువనున్నది. కావున గడియారము 12 కొట్టిన పిదప, సగటున 18 నిమిషములకు గాని మనకు నడిమిప్రొద్దు కాదు. దినములనుబట్టి ఇది పావుగంట వరకు ముందువెనుకలగుచుండును. విశాఖపట్టణమున నడిమిప్రొద్దు మనకంటె 20 నిమిషములకు పైగా ముందే యగును.

దీనిని విద్యార్థులే పరీక్షింపవచ్చును. బడి ఆవరణమున ఒక కర్రను నిటారుగా పాతి, 12 గంటలు మొదలు ఐదేసి నిమిషములకు నీడ కొనను గుర్తింపుడు. నీడ మిక్కిలి పొట్టిదగు సమయమే మన నడిమిప్రొద్దు. ఏప్రిల్ నడుమను, ఆగస్టు చివరను ఆ నీడ దాదాపు మాయమగును. నీడనే చూడవలెను, సూర్యుని సూటిగా చూడరాదు.

శాస్త్రవిషయములు తెలుగులో ఇముడునా యని కొందరు తలిదండ్రులు సందేహింతురు. మీ పిల్లలను ఆ గుర్తుల యర్థమేమని యింటిలో అడిగి చూడుడు. అవ్వకును అర్థమగు తెలుగులో వారు వివరింపగలిగినచో, పాఠము వారికి వచ్చినట్లే.