ఇరవై నాలుగో వంతు కారు

'నమూనా' అనే మాట మన కళాశాలలో ఉభయ భాషల విద్యార్థులకూ సమానంగా చెల్లుబాటయ్యే నాణెం వంటిది. పారసీకంలో పుట్టిన ఈ పదం ఉర్దూలో ఎంత స్వేచ్ఛగా సంచరిస్తున్నదో తెలుగులోనూ అంతే స్వేచ్ఛగా సంచరిస్తున్నది. దరఖాస్తుకు నమూనా ఉన్నది, కుట్టుపనికి నమూనా ఉన్నది. నేను ఇక్కడ ప్రస్తావించదలచినది ప్లాస్టిక్‌తో నిర్మించే కారు నమూనాను గురించి. ఇది ఆటబొమ్మ కాదు. అసలు వస్తువులోని ప్రతి కొలతనూ ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసినప్పుడే అది నమూనా అనిపించుకుంటుంది.

కారు నమూనాలకు ప్రసిద్ధమైన నిష్పత్తి 1/24. అనగా అసలు కారులోని అడుగు నమూనాలో అర అంగుళం. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి లోకానికి చూపిన పోర్షె 911 అనే స్పోర్ట్స్ కారు పొడవు 4163 మిల్లీమీటర్లు. దానిని ఇరవై నాలుగుతో భాగిస్తే 173 మిల్లీమీటర్లు. జానెడు కూడా లేదు. ఇంతవరకు లెక్క సులభమే. చిక్కంతా రంగు దగ్గర వస్తుంది. నిజమైన కారు మీద ఉండే రంగు పొరలన్నీ కలిపి సుమారు మిల్లీమీటరులో పదో వంతు మందం. అదే మందం నమూనా మీద పూస్తే, ఆ నిష్పత్తిలో అది 2.4 మిల్లీమీటర్ల మందంతో మెత్తిన గారతో సమానం. తలుపుల అంచులు, దీపాల చుట్టూ ఉన్న సన్నని గాళ్ళు అన్నీ పూడిపోతాయి. ప్లాస్టిక్‌నూ లోహాన్నీ నిష్పత్తిలో తగ్గించవచ్చును గాని రంగునూ ధూళినీ తగ్గించలేము. ఈ కళలోని కష్టమంతా ఇదే.

గల్ఫ్ నుండి వచ్చిన మా అన్నయ్య తన కుమారుని కోసం తెచ్చిన పెట్టెలో ఇటువంటి కారు ముక్కలు ముక్కలుగా ఉన్నది. కరిగించిన పాలీస్టైరీన్‌ను ఉక్కు అచ్చులోనికి ఒత్తిడితో పంపి చల్లార్చగా వచ్చిన భాగాలు, ఒక చట్రానికి కాయలు తొడిమెలకు అంటుకున్నట్లు అంటుకొని ఉంటాయి. ఆ అచ్చు వెనుక ఎంత శ్రమ ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. జపానులోని షిజువోకా నగరానికి చెందిన టమియా సంస్థ 1976లో పోర్షె 934 కారుకు 1/12 నిష్పత్తిలో నమూనా వెలువరించింది. ఆ పనికోసం సంస్థ అధిపతి ఒక నిజమైన పోర్షె 911ను కొని, దానిని ఊడదీయించి కొలతలు తీయించాడు!

భాగాలను చట్రం నుండి లాగి విరచరాదు. కట్టింగ్ ప్లయరుతో కత్తిరించి, మిగిలిన మొటిమను ఆకురాయితో అరగదీయాలి. అచ్చు నుండి సులభంగా ఊడిరావడానికి పూసిన జిడ్డు కొంత అంటి ఉంటుంది గనుక సబ్బునీటితో కడగాలి. అతికించేది జిగురు అనుకుంటాము. నిజానికి అది ద్రావకం. రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటిగా చేసి తాను ఆవిరైపోతుంది. అద్దాల వంటి పారదర్శక భాగాల దగ్గర క్షణంలో అంటుకునే జిగురు వాడితే దాని ఆవిరికి అద్దం తెల్లబడుతుంది. ఓపిక ఉన్న పదిహేనేళ్ళ పిల్లవాడు ఇదంతా మూడు నాలుగు సాయంకాలాలలో చేయగలడు. మావాడు చేశాడు.

చెడగొట్టినవాణ్ణి నేనే. బజారులో లారీలకు వేసే ఎర్ర లక్క రంగు, థిన్నరు కొని తెచ్చి, చేతి పంపుతో వట్టి ప్లాస్టిక్ మీద నేరుగా కొట్టాను. పావుగంట గడిచేసరికి బానెట్ మీద సన్నని పగుళ్ళు బయలుదేరాయి. చైత్ర వైశాఖాలలో మన నల్లరేగడి నేల బీటలు వారినట్లే ఉన్నది. ఘాటైన థిన్నరు పాలీస్టైరీన్‌ను కొరికివేస్తుందని నాకు తెలియదు. పిల్లవాడు నన్నేమీ అనలేదు. నమూనాను తీసుకొని మేడమీదికి పోయాడు, ఆ రాత్రి అన్నానికి దిగిరాలేదు.

మరునాడు దానిని మా మామూ వద్దకు తీసుకొనిపోయాను. లారీ బాడీలు కట్టే షెడ్డులో ఆయన పాతికేళ్ళు స్ప్రే పెయింటరుగా పనిచేశారు. కారును అరచేతిలో తిప్పి చూసి నవ్వారు. ఆయన ఉర్దూలో అన్న మాటను తెలుగులో చెబుతున్నాను: "లెక్చరర్ సాబ్, షేర్వానీ పైగుడ్డ కుట్టేశారు. అస్తరు ఏది?"

షేర్వానీకి లోపల వేసే గుడ్డ అస్తరు. పెయింటర్ల భాషలో ప్రైమరు కూడా అస్తరే. పగుళ్ళను వాటర్ పేపరుతో అరగదీసి, పుట్టీ పెట్టి, మళ్ళీ అరగదీసి, అస్తరును మంచు కురిసినట్లు పలుచగా మూడు తడవలు కొట్టించారు. బూడిదరంగు అస్తరు ఆరగానే, అంతవరకు నునుపుగా తోచిన చోట గీతలు, గుంటలు బయటపడ్డాయి. కృష్ణ దాటి కొండపల్లికి పోయి చూడండి, అక్కడా ఇదే క్రమం. తెల్ల పొణికి కర్రతో విడివిడిగా చెక్కిన ఏనుగునూ అంబారీనీ అతికి, రంపపుపొట్టును చింతగింజల బంకతో కలిపిన మక్కుతో సందులు పూడ్చి, సున్నం పూసి, ఆ తరువాతనే రంగు ముడతారు. మక్కు మన పుట్టీ, సున్నం మన అస్తరు. నేను ఎమ్.ఏ. చదివి కూడా తెలుసుకోలేనిది అక్కడి పిల్లలు ఇంటి అరుగు మీద నేర్చుకుంటారు.

ఇక రంగు ఎప్పుడు కొట్టాలి? మన ప్రాంతంలో ఇది సామాన్యమైన ప్రశ్న కాదు. నడివేసవిలో రంగు బొట్టు గాలిలోనే ఆరిపోయి, భాగం మీద పొడిలా రాలుతుంది. వానకాలంలో థిన్నరు ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచగా గాలిలోని తేమ దాని మీద చేరి, లక్క రంగు పాలిపోయి తెల్లబడుతుంది. చలికాలం మంచిదనుకుంటే అప్పటికి పత్తి తీతలు మొదలై జిన్నింగు మిల్లుల నుండి, బండ్ల నుండి దూది పోగులు ఎగురుతుంటాయి. మాఘం దాటితే గుంటూరు యార్డుకు మిర్చి రాక. ఆ దారిన ఉన్న మా ఇంటిలో పుస్తకాల మీద కూడా ఎర్రటి నలుసే. ఎర్ర రంగు మీద ఎర్ర పొడి కనిపించదు గదా అని మీరనవచ్చు. కనిపించదు, వేలికి తగులుతుంది. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల దూది పోగు ఒకటి కారు మీద వాలితే, నిష్పత్తి ప్రకారం అది 67 సెంటీమీటర్ల తాడు.

మామూ ఒక మార్గశిరపు ఉదయాన్ని ఎంచుకున్నారు. గది నేలను నీళ్ళతో తడిపారు. ధూళి అణగడానికి అది ఉపాయం. నా చేత నూలు చొక్కా విప్పించి నైలాను చొక్కా తొడిగించారు. నాలుగు పలుచని పొరలు, పొరకూ పొరకూ నడుమ అరగంట. ప్రతి పొర తరువాత స్టీలు గిన్నె బోర్లించడం.

పైన వేసే మెరుపు పొర విషయంలో మాత్రం నేను ఆయన మాట వినలేదు. షెడ్డులో వాడే రెండు డబ్బాల వార్నిషు అద్దంలా మెరుస్తుంది. కాని దాని గట్టిదనానికి కారణమైన హార్డెనరులో ఐసోసైనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీల్చినవారికి ఉబ్బసం పట్టుకోవచ్చు. ఒకసారి పట్టుకుంటే కొద్దిపాటి ఆవిరికే తిరగబెడుతుంది. బయటి గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు ధరించి కొట్టవలసిన పదార్థమది. మామూకు పాతికేళ్ళూ దక్కింది ముక్కుకు కట్టుకునే తడిగుడ్డ. ఆ గుడ్డ ధూళిని ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపదు. రాత్రిళ్ళు ఆయన దిండ్లకు ఆనుకొని కూర్చునే నిద్రపోతారు. లారీల మీద ఆ మెరుపును చూసి 'భేష్' అన్నవారిలో నేనూ ఒకడిని.

మేము ఒకే డబ్బాలో వచ్చే సాధారణ వార్నిషు వేసి, వారం రోజులు ఆరనిచ్చాము. తరువాత రెండు వేల నంబరు వాటర్ పేపరుతో తడిగా రుద్ది, పాలిష్ పెట్టాము. నీటిలో నానబెట్టి జార్చే అంకెల ముద్రలను అంతకుముందే, వార్నిషు కిందికి వచ్చేలా అతికించాము. అద్దాలు, చక్రాలు చివర.

ఎడమ తలుపు మీద వార్నిషు కింద ఒక దూది పోగు మిగిలిపోయింది. మా అన్న కొడుకు స్కేలు పెట్టి కొలిచాడు. పదకొండు మిల్లీమీటర్లు. తీయాలంటే అస్తరు దాకా అరగదీయాలని మామూ అన్నారు. తీస్తానని వాడు వాటర్ పేపరును నీళ్ళలో నానబెట్టాడు.