పట్టా, కౌలు, గుత్త: చాట్రాయి మామిడి తోటల నేపథ్యంలో ప్రభుత్వ రైతు సాయం

వ్యాససంగ్రహం: రైతులకు ప్రభుత్వం అందించే సాయం ప్రధానంగా పట్టాను అనుసరిస్తుంది. మామిడి తోటల్లో నష్టం మాత్రం గుత్తను అనుసరిస్తుంది. ఈ రెండింటి మధ్యనున్న ఎడాన్ని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: రైతు, పట్టా, కౌలు, గుత్త, మామిడి, సాగుదారు హక్కు పత్రం.

1. పదాల వెనుక

‘రైతు’ అచ్చ తెలుగు పదమనిపించినా అరబ్బీ మూలం కలది; పాలితుడు, ప్రజ అని దాని పూర్వార్థం. ‘కౌలు’ కూడా అరబ్బీ నుంచి వచ్చినదే, మూలార్థం ‘మాట’. ‘పట్టా’ మాత్రం రాతకు సంబంధించినది. మాట మీద సాగుచేసేవారికీ, రాత ఉన్నవారికీ గల ఈ భేదం నిఘంటువులకే పరిమితం కాలేదు. ఒకప్పుడు జమీందారీగా ఉన్న నూజివీడు సీమలో 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైతువారీ మార్పిడి చట్టంతో పట్టా కలవారే ప్రభుత్వం దృష్టిలో రైతులయ్యారు. నేటి పథకాలకు ఆ నిర్వచనమే పునాది.

2. తోట గుత్త

కృష్ణా జిల్లాలో ఉండి, 2022లో ఏలూరు జిల్లాలో చేరిన చాట్రాయి మండలం బంగినపల్లి, రసాలు, కలెక్టర్ కాయలకు పేరుపడిన నూజివీడు మామిడి ప్రాంతంలోనిది. ఇక్కడ తోట యజమాని కాయ కోసేదాకా ఆగనక్కరలేదు. పూతకు ముందో, పూత మీదో తోటను గుత్తకు ఇస్తాడు. కొన్ని తోటలు ఒకేసారి రెండుమూడేళ్లకు పోతాయి. ఆపై మందుల పిచికారీ, కాపలా, కోత కూలి, మార్కెట్ దాకా రవాణా అన్నీ గుత్తదారువే. పొగమంచుకు పూత మాడినా, తామర పురుగు సోకినా, గాలివానకు కాయ రాలినా నష్టం అతనిదే. పెట్టుబడి తరచుగా కమీషన్ వ్యాపారి నుంచి వస్తుంది కనుక కాయను ఆ వ్యాపారికే అమ్మవలసి ఉంటుంది.

గుత్తదారులందరినీ పేద కౌలురైతులుగా చిత్రించడం సరికాదు. పదుల ఎకరాలు పట్టే వర్తకులూ, ఒక చిన్న తోట మీద ఇల్లు గడుపుకొనే భూమిలేని కుటుంబాలూ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నారు. వీరిని వేరుచేసి చూడగల కొలమానం ఏ పథకంలోనూ కనబడదు.

3. పథకాల తీరు

కేంద్రం ఏటా రూ. 6,000 ఇచ్చే పీఎం కిసాన్ భూమి కలిగిన కుటుంబాలకే వర్తిస్తుంది. పొరుగున తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కౌలుదారులను బాహాటంగానే పక్కన పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి రైతు భరోసా, కేంద్ర సాయంతో కలిపి రూ. 13,500 ఇస్తూ కౌలుదారులకు చోటిచ్చింది. కానీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల్లోని భూమిలేనివారికే. 2025 ఆగస్టులో తొలివిడత విడుదలైన అన్నదాత సుఖీభవ ఆ మొత్తాన్ని రూ. 20,000కు పెంచింది. మొత్తం పెరిగింది, రైతంటే ఎవరన్న ప్రశ్న అక్కడే ఉంది.

2011 అధీకృత సాగుదారుల చట్టం యజమాని అంగీకారం లేకపోయినా రుణ అర్హత కార్డుకు వీలు కల్పించింది. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందాన్నీ, యజమాని సంతకాన్నీ కోరింది. సంతకం పెడితే భూమిపై హక్కు చిక్కుల్లో పడుతుందని యజమాని జంకు. అదే భూమిపై అతను అప్పటికే పంటరుణం తీసుకొని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వదు. రెండుమూడేళ్ల తోట గుత్తకు పదకొండు నెలల కాగితం ఎలాగూ అతకదు. 2019 నాటి జాతీయ నమూనా సర్వేలో రాష్ట్రంలోని వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నట్లు తేలింది; దేశంలో అదే అత్యధికం. సాయం చేరిన ఖాతాల సంఖ్యను బట్టి పథకం ఫలించిందనడం ఈ అంకె ముందు నిలవదు.

4. ధర

కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మామిడి లేదు. 2025లో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి ధర పడిపోయినప్పుడు రాష్ట్రం కిలోకు రూ. 4 చేర్చింది, కేంద్రం క్వింటాలుకు రూ. 1,490.73 ధరతో 1.62 లక్షల టన్నులకు మార్కెట్ జోక్య పథకాన్ని ఆమోదించింది. అక్కడి తోతాపురే ఇక్కడి కలెక్టర్. కానీ చిత్తూరు కాయ గుజ్జు పరిశ్రమలకు పోతుంది; నూజివీడు బంగినపల్లి, రసాలు పండ్లుగా మండీల్లో అమ్ముడవుతాయి. అయినా ఆ సాయంలో గమనించదగిన అంశం ఒకటుంది: లెక్క ఎకరానికి కాక తూచిన కాయకు కట్టారు.

ఈ-పంట నమోదులో సాగుదారు పేరు రాసే వీలు ఇప్పటికే ఉంది. వరికి నాట్ల తర్వాత ఎవరు సాగుచేస్తున్నారో చూస్తే సరిపోతుంది. మామిడికి మాత్రం తోట చేతులు మారే పూత, పిందె కాలంలో ఆ పేరు రాయాలి. యజమాని సంతకానికి బదులు, 2011 చట్టంలో వలె, గ్రామస్థాయి విచారణతో.