చేతికి చెయ్యే సాయం!

దుప్పట్లు పిండి ఆరేశాక, పాతిక చపాతీలు వత్తాక, రోజంతా కీబోర్డు ముందు కూర్చున్నాక... 'అబ్బా, చేతులు లాగేస్తున్నాయ్' అనుకోనివారు ఉండరు. వెంటనే మణికట్టు పట్టుకుని నాలుగు నొక్కులు నొక్కుతాం. కాస్త హాయిగా ఉంటుంది. కాసేపటికి మళ్లీ మామూలే. ఎందుకంటే, ఎక్కువగా అలసిపోయేది మణికట్టు కాదు, దానికి పైనున్న ముంజేయి!

అనుమానమా? కుడి మోచేతికి కాస్త కింద ఎడమచేత్తో పట్టుకోండి. ఇప్పుడు కుడి గుప్పిట బిగించి వదలండి. లోపల కండ కదలడం తెలుస్తుంది. వేళ్లను మడిచే బలమైన కండరాలు ఉండేది అక్కడే. వాటి నుంచి తాళ్లలా సాగిన స్నాయువులు మణికట్టు మీదుగా వేళ్లకు చేరతాయి. అందుకే మర్దనా అక్కడే మొదలవ్వాలి.

పది నిమిషాలు చాలు

చెంచాడు నువ్వులనూనె లేదా కొబ్బరినూనె గోరువెచ్చగా చేసుకోండి. చేతిని దిండు మీద వదులుగా ఆనించండి.

* అరచేత్తో మణికట్టు నుంచి మోచేతి దాకా నిదానంగా రుద్దండి. పైవైపు పదిసార్లు, లోపలివైపు పదిసార్లు.

* బొటనవేలు ఒకపక్క, మిగతా వేళ్లు మరోపక్క ఉంచి, చపాతీ పిండి పిసికినట్టు కండను పట్టి వదులుతూ పైకి రండి.

* ముడిలా గట్టిగా తగిలినచోట బొటనవేలితో 20-30 సెకన్లు నొక్కి ఉంచండి. మోచేతి మడతలో, ఎముక మీద మాత్రం నొక్కొద్దు.

* జబ్బ నొప్పిగా ఉంటే గోడకీ చేతికీ మధ్య టెన్నిస్ బంతి పెట్టి మెల్లగా దొర్లించండి.

* చివరగా చెయ్యి ముందుకు చాచి, రెండో చేత్తో మణికట్టును నేలవైపు వంచి 20 సెకన్లు ఉంచండి. అరచెయ్యి పైకి పెట్టి ఒకసారి, కిందికి పెట్టి ఒకసారి.

మర్దన బిగుసుకున్న కండకు ఉపశమనం ఇస్తుంది, అంతే. అలుపు తెచ్చే పని అలాగే సాగితే నొప్పి తిరిగొస్తుంది. బరువైన దుప్పటిని ఒక్కరే మెలితిప్పకుండా ఇద్దరు చెరోవైపు పట్టుకుని పిండండి. కంప్యూటర్ పనిలో అరగంటకోసారి చేతులు దించి విదిలించండి.

అన్ని నొప్పులూ అలసటే కాదు

రాత్రిళ్లు బొటన, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టులో నరం నొక్కుకుపోతోందేమో. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనేది దీన్నే. వైద్యుల్ని కలవాలి. చెయ్యి వాచినా, ఎర్రబడి వేడిగా ఉన్నా మర్దన చేయొద్దు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు ముందుగా డాక్టర్ని అడగాలి.

చేతినొప్పికి తోడు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉన్నాయా? అది గుండెపోటు కావచ్చు. నొప్పి దవడకో, వీపుకో పాకొచ్చు. ఆడవాళ్లలో ఒక్కోసారి ఛాతీనొప్పి పెద్దగా ఉండదు కూడా. 'ఇంటిపని ఎక్కువైందిలే' అని ఇల్లాలు సర్దిచెప్పుకునేది ఇలాంటప్పుడే. ఆమె వద్దన్నా సరే, నూనెగిన్నె పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి.