పెట్టెలోని పాత ఫ్లాపీలు

తాళపత్రమునకు చెదపురుగు శత్రువైనట్లు ప్రతి వ్రాతసాధనమునకును నొక శత్రువు గలదు. ఫ్లాపీకి బూజొక శత్రువు, కాలమొక శత్రువు. సోనీ కంపెనీవారు జపానులో ఫ్లాపీల విక్రయమును 2011వ సంవత్సరమున మానిరి. నేటి కంప్యూటర్లలో వానిని పెట్టు చోటే లేదు. అయినను మన పెట్టెలలో నవి మిగిలియున్నవి.

మా అత్తగారు పాడిన పెండ్లిపాటలను, మంగళహారతులను మా మఱదిగారు 1994వ సంవత్సరమున కంప్యూటరులో నెక్కించి మూడు ఫ్లాపీలలో దాచిరి. అత్తగారు గతించిరి, పాటల కాగితములు వానలో తడిసి చెడినవి. మిగిలినవి యా ఫ్లాపీలే.

యూ.ఎస్.బి. తీగతో కలుపు బయటి ఫ్లాపీ డ్రైవు నొకదానిని తెప్పించితిమి. ఫ్లాపీలన్నియు నొక్కజాతివి కావని యప్పుడు గాని మాకు తెలియలేదు. ఈ డ్రైవులు మూడున్నర అంగుళముల వానికే యేర్పడినవి. వానిలోను భేదములు గలవు. చిన్న మీట యుండు మూలనేగాక రెండవ మూలను గూడ రంధ్రమున్నచో నది సాధారణముగా 1.44 మెగాబైట్లది, లేనిచో 720 కిలోబైట్లది. మొదటిదానిని ఈ డ్రైవులు చదువును. రెండవదానిని కొన్ని చదువును, కొన్ని చదువవు; కొనుటకు ముందే యడిగి తెలిసికొనవలెను. పాత మాకింటాష్ యంత్రముల 400, 800 కిలోబైట్ల ఫ్లాపీలు చూపునకు అట్లేయున్నను వాని వ్రాతపద్ధతి వేఱు. ఈ డ్రైవులు వానిని చదువజాలవు.

మా మొదటి ఫ్లాపీ తెఱచుకొన్నది. రెండవదానిని పెట్టగనే, ఫార్మాటు చేయవలెనా యని కంప్యూటరు ప్రశ్నించెను. మేము సరే యనబోవుచుండగా మా అమ్మాయి చేయి పట్టుకొని యాపినది. ఫార్మాటు చేయుట యనగా పలకను తుడిచివేయుటయే! అది 720 కిలోబైట్ల ఫ్లాపీ. వేఱొక డ్రైవులో పెట్టగా పాటలు బయటపడినవి.

కావున ముందుగా మూలనున్న మీటను జరిపి రంధ్రమును తెఱచి యుంచుడు. అప్పుడు దానిపై వ్రాయుటగాని తుడుచుటగాని జరుగదు. లోపల బూజు కనబడినచో డ్రైవులో పెట్టకుడు. తెఱచుకొన్న వెంటనే నకలు తీసి రెండుచోట్ల దాచుడు.

తెఱచుకొన్న పాటలును మొదట తెలుగుగా కనబడలేదు. అర్థములేని గుర్తులే కనబడినవి. యూనికోడులో తెలుగునకు 1991లోనే చోటు లభించినను, నాడు వాడుకలోనున్న ఫాంట్లు ఒక్కొక్కటి యొక్కొక్క సంకేతమును పాటించుచుండెను. నాటి ఫాంటును సంపాదించి యెక్కించిన పిదప అక్షరములు కనబడినవి. వానిని యూనికోడులోనికి మార్పించితిమి.

మూడవది ఐదుంబావు అంగుళముల ఫ్లాపీ. అది మా డ్రైవులో పట్టనే పట్టదు. ఆ కొలతగల పాత డ్రైవును సంపాదించి, గ్రీజ్‌వీజిల్ వంటి చిన్న సర్క్యూటు బోర్డుద్వారా నేటి కంప్యూటరునకు కలుపవలెను. ఆ బోర్డు ఫ్లాపీపైనున్న అయస్కాంతపు గుర్తులను ఉన్నవి యున్నట్లు నకలు తీయును. ఆ పని తెలిసినవారికై వెదకుచున్నాము.

అప్పగింతల పాట యా మూడవదానిలోనే యున్నదట. మా ఆడుబిడ్డగారికి దానిలో రెండు చరణములు మాత్రము జ్ఞప్తియందున్నవి. అవి ముందుగా వ్రాసికొని, అమ్మాయికి నేర్పుచున్నాము. మీరును మీ పాత పెట్టెలు తెఱచి చూడుడు. పాడగలవారు ఇంటనుండగనే వారిచేత పాడించుకొనుడు.