డీజిలు ఇంజనుకు దినచర్య



కాడి విప్పిన పిదప ఎద్దులకు నీరు త్రాపక, మేత వేయక తాను భోజనమునకు గూర్చుండు రైతు మా శిరివెళ్ల సీమలో లేడు. గిట్టలో ముల్లు విరిగినచో ఆ పూట కాడి కట్టడు. ఆ రైతే డీజిలు ఇంజనును నెలల తరబడి నడిపి, అది నిలిచిననాడే దానివైపు చూచును. దసరాకు పసుపు కుంకుమలు పెట్టును గాని, గాలి ఫిల్టరును విప్పి చూడడు. పంపుసెట్టైనను, ట్రాక్టరైనను, పచ్చిక కోయు బండియైనను పోషణక్రమ మొక్కటియే గనుక, అందరికిని పనికివచ్చు మాటలు కొన్ని విన్నవించుచున్నాము.

మేము కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదము. వరి పొట్టకు వచ్చిన దినములలో కాలువ నీరు తగ్గగా, ఒక సభ్యుడు బావిమీది ఇంజనును నమ్ముకొని రెండెకరముల పైరును కాపాడుకొనుచుండెను. ఇంజను నల్లపొగ గ్రక్కుచు, బలము తగ్గి, మూడవ నాడు నిలిచిపోయెను. గాలి ఫిల్టరు గిన్నెను విప్పి చూడగా అందలి నూనె బురదయై యుండెను. దుమ్ము లోనికి బోయి పిస్టను రింగులును సిలిండరును అరిగిపోయినవి. నంద్యాలనుండి మెకానిక్కు వచ్చి, సామానులు తెచ్చి బిగించుటకు ఆరు దినములు పట్టెను. ఆలోగా మడి బీటలు వారి, పంట సగము తాలుపోయెను. ఆ ఇంజనును నడుపుట అతనికి నేర్పినవారము మేమే. కాపాడుట నేర్పినవారము కాము. ఆ లోపమును తీర్చుకొనుటకే యీ వ్యాసము.

ఈ యంత్రమును కనిపెట్టినవాడు రుడాల్ఫ్ డీజిలు అను జర్మను ఇంజనీరు. 1897లో ఆయన ఇంజను పరీక్షలో నెగ్గెను. 1900లో పారిస్ ప్రదర్శనమున ఇట్టి ఇంజను నొకదానిని మన వేరుసెనగ నూనెతోనే నడిపి చూపిరి. నేటి ఇంజనులలో నాజిళ్లు మిక్కిలి సున్నితములు గనుక ఆ ప్రయోగము మీరు చేయరాదు. ఇందులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కగా ఆ గాలియే కాగి, డీజిలును మండించును. కావున గాలి శుభ్రముగా నుండుటయే ప్రథమ ధర్మము.

గాలి: ఒక లీటరు డీజిలు మండుటకు తక్కువ పక్షము 10,000 లీటర్ల గాలి కావలెను. వేసవిలో మన నల్లరేగడి దుమ్ము ఎంత మెత్తనిదో మీరెరుగుదురు. నూనె గిన్నె గల ఫిల్టరైనచో దుమ్ము దినములలో ప్రతిదినము విప్పి చూడుడు. నూనె చిక్కబడినచో పారబోసి, గిన్నెను కడిగి, గీటువరకు క్రొత్తనూనె పోయుడు. కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు. మెల్లగా తట్టి దులిపి, గడువు తీరగానే మార్చవలెను.

ఆయిలు: ఇంజనును నడుపకముందే, సమతలమున నిలిపి, కొలపుల్లతో చూడుడు. రెండు గీట్ల నడుమ నుండవలెను, ఎక్కువైనను కీడే. డీజిలు ఇంజనులో ఆయిలు త్వరగా నల్లబడుట సహజము. పాలవలె తెల్లబారినచో లోనికి నీరు చేరినదని తెలియుడు. కంపెనీవారి పుస్తకములో చెప్పిన గంటలు నిండగానే, ఇంజను వెచ్చగా నున్నపుడు పాత ఆయిలు దింపి, ఆయిలు ఫిల్టరును గూడ మార్చుడు. తగ్గినంత పోసి సరిపెట్టుట మార్చుట కానేరదు. పాత ఆయిలును కాలువలో గాని బావిగట్టున గాని పోయరాదు.

డీజిలు: సన్నని జల్లెడలో వడగట్టి పోయుడు. సాయంకాలమే ట్యాంకు నింపినచో రాత్రి చలికి లోపల చెమ్మ పట్టదు. ఫిల్టరు అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదలుడు. ట్యాంకు పూర్తిగా ఎండనిచ్చినచో గొట్టములలో గాలి చేరి ఇంజను అందుకొనదు.

నీరు: రేడియేటరు రెక్కలలో చిక్కిన పొట్టును, గడ్డిని దులుపుడు. వేడిమీద మూత తీయరాదు. ఆవిరి ముఖమును కాల్చును. కాగిన ఇంజనుమీద చన్నీరు గ్రుమ్మరించినచో ఇనుము పగులును.

ఎద్దు తన బాధను కన్నులతో చెప్పును. ఇంజను పొగతో చెప్పును. నల్లపొగ యైనచో గాలి చాలలేదు, లేక బరువు మించినది. నీలిపొగ యైనచో ఇంజను ఆయిలు మండుచున్నది. వేడెక్కిన తరువాతను తెల్లపొగ విడువనిచో డీజిలు సరిగా మండుట లేదు, లేదా సిలిండరులోనికి నీరు దిగుచున్నది. ఈ గురుతులు కనబడిననాడే మెకానిక్కును పిలిచినచో కర్చు స్వల్పము.

కడపటి మనవి యొకటి. ప్రతి ఇంజనుకు ఒక చిన్న పుస్తకము పెట్టుడు. నడిచిన గంటలు, ఆయిలు మార్చిన తేది, ఫిల్టరు మార్చిన తేది వ్రాయుడు. పలువురు సభ్యులు వాడుకొను ఇంజనైనచో ఇది మరింత అవసరము. పదిమంది సొత్తును ఎవరును పట్టించుకొనరు గదా! వ్రాత రానివారు ఇంటి పిల్లలచేత వ్రాయింపవచ్చును. దినమునకు పది నిమిషముల పని యిది. ఆ పది నిమిషములే ఆ సభ్యుని పైరును నిలిపి యుండెడివి.