టమాటా మండినా చింతపండు కదలదేం?
మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటిళ్ళలో పులుపు లెక్క

టమాటా ధర ఎక్కినప్పుడల్లా చింతపండు నిల్వదార్లకు ఆశ పుడుతుంది. పులుపు లేనిదే వంట లేదు గనుక, ఇల్లాలు టమాటా మానితే చింతపండే కొనాలి గదా అన్నది లెక్క. వినడానికి సబబుగానే వున్నది. కాని ఈ మూడు ఊళ్ళ వంటిళ్ళలో ఏ కాలంలో ఏ పులుపు పొయ్యి ఎక్కుతుందో ఎరిగినవారు ఈ లెక్కను నమ్మి సరకు పట్టి కూర్చోరు.

2023 జూలై ఆఖరున మదనపల్లె యార్డులో మొదటి రకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. అటువంటి రోజుల్లో పావుకిలో టమాటా పడవలసిన పప్పులో నిమ్మకాయంత చింతపండు పడుతుంది. లెక్క తప్పేది ఇక్కడే. ఆ నిమ్మకాయంత పాతిక, ముప్ఫై గ్రాములకు మించదు. టమాటా గిరాకీ పది బస్తాలు తగ్గితే చింతపండు గిరాకీ పెరిగేది ఒక్క బస్తా. ఆ ఒక్క బస్తా అయినా చాలా ఇళ్ళలో అప్పుడు అంగడి నుంచి రాదు. వేసవిలోనే కొని, గింజ తీసి, ఎండబెట్టి, ఉప్పు వేసి జాడీకెత్తిన సరకు అది. ఈలోగా కొత్త పంట దిగుతుంది. ఆ ఏడాది ఆగస్టులోనే టమాటా ధర జారిపోయింది.

ఈ మూడు ఊళ్ళూ రెండువేల అడుగులకు మించిన ఎత్తున వున్నాయి. మైదానాల్లో ఎండకు టమాటా పూత నిలవని రోజుల్లో ఇక్కడ కాయ నిలుస్తుంది. అందుకే మదనపల్లె వేసవి సరకుకు పొరుగు రాష్ట్రాల లారీలు వస్తాయి. విచిత్రమేమంటే, ఆ వేసవిలోనే స్థానిక వంటింటికి టమాటా అవసరం తక్కువ. మామిడికాయ పప్పు, చింతచిగురు పప్పు వుండగా టమాటా వైపు ఎవరు చూస్తారు? రాగి అంబలి తాగే పూట పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ చాలు. కాబట్టి ఏప్రిల్, మే నెలల టమాటా బేరాన్ని ఊరి గిరాకీని బట్టి అంచనా వేయరాదు. చూడవలసింది దూరపు మార్కెట్ల అవసరాన్ని.

చింతపండు సంగతి వేరు. పుంగనూరు వైపు చెట్లు దులిపేది సంక్రాంతి దాటాక. ఉగాది అటూ ఇటూ ఇళ్ళవారి కొనుగోలు బలంగా వుంటుంది. ఎర్రగా, కండపట్టి వున్న కరిపులి రకానికి అప్పుడే మంచి ధర. వానాకాలం తేమ తగిలితే సరకు నల్లబడుతుంది. శీతల గిడ్డంగిలో పెట్టినవారికి రంగు నిలుస్తుంది గాని, అద్దె, వడ్డీ తోడవుతాయి. (2019 అక్టోబరు 1 నుంచి ఎండు చింతపండుపై 5 శాతం జీఎస్టీ పోవడం కొంత ఊరట.) నిల్వదారు లెక్క వేయవలసింది టమాటా ధర కాదు, వేసవి చివర చెట్టు మీది పూత. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు తరచు వెనకాడుతుంది.

ఇక కుప్పం. తమిళ, కన్నడ వంటలు రెండూ కలిసే చోటు. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, వెంకన్న మొక్కున్న ఇళ్ళలో మాంసం ముట్టరు. కోళ్ళ బేరం మందగిస్తుంది. కందిపప్పు, కూరగాయలతో పాటు సాంబారుకు చింతపండు కదులుతుంది. పాత సరకు వదిలించుకోదలచినవారికి మంచి అదను ఇదే.

చలి ముదిరితే అనపకాయలు దిగుతాయి. పగలు కురచయ్యాకనే నాటు అనప పూతకొస్తుంది గనుక డిసెంబరు, జనవరి నెలలే దానికి బజారు. గింజలు నానబెట్టి, వేళ్ళతో పితికి, తోలు తీసి పితికిపప్పు వండని ఇల్లు ఈ వైపు అరుదు. సంగటికి అంతకన్న తోడు లేదు! నిల్వకు ఆగని సరకు. ఉదయం దిగి సాయంత్రానికి తేలిపోవాలి. ఆ రెండు నెలలు మిగతా కూరగాయల చిల్లర బేరం కొంత నెమ్మదిస్తుంది.

ఒక మార్పు మాత్రం గమనించాలి. ఏడాది చింతపండు జాడీకెత్తే ఓపిక చిన్న కాపురాలకు తగ్గుతున్నది. అరకిలో పొట్లం కొనే ఇల్లు పెరిగినకొద్దీ వేసవి గిరాకీ పలచబడి, ఆగస్టు తర్వాతి నెలలకు సర్దుకుంటుంది. గిడ్డంగిలో సరకు వున్నవారు పొట్లాలు కట్టే వ్యాపారుల ఆర్డర్లను కనిపెట్టి వుండడం మేలు.