ఓడ మల్లయ్య, బోడి మల్లయ్య

మన ఇళ్ళలో ఓడ ప్రయాణమంటే పెద్దవాళ్ళకు ఇప్పటికీ జ్ఞాపకం వచ్చేది రంగూను స్టీమరే. గోపాలపురం, బిమిలీపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి ఆ స్టీమర్లలో డెక్కు మీద చాప పరుచుకొని, అటుకులూ ఆవకాయా మూటగట్టుకొని పోయినవారి మనుమలూ మునిమనుమలూ మన చదువరులలో లేకపోలేదు. ఆ ప్రయాణంలో సుఖమన్నది లేదు గాని లెక్క మాత్రం సులువు. టిక్కెట్టు కొన్నవాడికి డెక్కు మీద జానెడు చోటు. అంతకు మించి ఎవరూ ఆశ పెట్టలేదు, ఎవరూ ఆశపడలేదు.

ఆ మనుమలు ఇప్పుడు మరొక రకం ఓడ ఎక్కుతున్నారు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకొని, నయాగరా చూపించిన తరువాత, ఫ్లోరిడా తీరంలో ఏదో ఒక రేవుకు తీసుకుపోయి ఏడు రోజుల విహార నౌక ఎక్కిస్తున్నారు. మేమూ మా ఇంటావిడా క్రిందటి చలికాలంలో అట్లాగే ఎక్కాము. “అన్నీ టిక్కెట్టులోనే మామగారూ, మీరు జేబులో చెయ్యి పెట్టనక్కరలేదు” అన్నాడు మా అల్లుడు. ఆ మాట అతను నమ్మే అన్నాడు.

ఆఖరు రాత్రి పద్దు చూసుకుంటే సంగతి తెలిసినది. మా నలుగురికీ రోజు ఒక్కింటికి తలకింత అని సేవారుసుము. ఓడలో ఊరికే పోసే కాఫీ కషాయంలా ఉన్నదని మా ఇంటావిడ రోజూ ఉదయం పక్క అంగడిలో తాగిన ‘మంచి కాఫీ’ ఖరీదు. ఒక రాత్రి ఆమెకు ఒంట్లో బాగుండక గదికి తెప్పించుకున్న పళ్ళెం అన్నానికి, తెచ్చినందుకు కూలి. ఇంటర్నెట్టు. ఒక పూట వేరే భోజనశాలలో తిన్న తిండి. అల్లుడు ఆ సొమ్ము ఇచ్చుకోలేనివాడు కాదు. అయినా అతని ముఖం చిన్నబోయినది. అత్తమామల ముందర తానన్న మాట పోయినదని అతని బాధ. నిజానికి తప్పు అతనిది కాదు. పదేళ్ళ క్రితం స్నేహితులు చెప్పినదే అతను మాకు చెప్పాడు. ఆ పదేళ్ళలో ఓడల పద్ధతులు మారిపోయినవి.

ఈ మార్పుల మీద ఆ దేశాల ప్రయాణికులు చాలా కాలంగా గొణుగుతున్నారు. ఇటీవల గొణుగుడు పోయి కోపమే వచ్చినది. ఆ కోపంలో ఎంత న్యాయమున్నదో తెలియాలంటే కొంచెం వెనక్కు పోవాలి.

నార్వీజియన్ సంస్థ 1966లోను, రాయల్ కరిబియన్ 1968లోను, కార్నివాల్ 1972లోను పుట్టినవి. పూర్వపు పద్ధతి ఇట్లా ఉండేది: ఫలానా గంటకు ఫలానా బల్ల దగ్గర భోజనం, అర్ధరాత్రి మరొక విందు, పగలొకసారి, రాత్రొకసారి గది సర్దడం, ఆఖరు రాత్రి కవర్లలో నోట్లు పెట్టి వడ్డించినవానికీ గది సర్దినవానికీ చేతికివ్వడం. 2000లో నార్వీజియన్ వారు ఈ కట్టుబాట్లు ఎత్తివేసి, ఎప్పుడు కావలిస్తే అప్పుడు, ఎక్కడ కావలిస్తే అక్కడ తినవచ్చునన్నారు. గంట కొట్టి పిలిస్తే భోజనానికి పోవడం ఎవరికిష్టం? జనం సంతోషించారు. అయితే ఆ ‘ఎక్కడ కావలిస్తే అక్కడ’లో కొన్ని భోజనశాలలకు వేరే సొమ్ము. అప్పటికది చిన్న సంగతి.

తరువాత ఒక్కొక్క ఇటుకే ఊడుతూ వచ్చినది. గదికి భోజనం తెచ్చిపెట్టడం ఒకప్పుడు ఊరికే. 2015లో నార్వీజియన్, 2017లో రాయల్ కరిబియన్ దానికి 7 డాలర్ల 95 సెంట్లు పెట్టినవి. అర్ధరాత్రి విందు చాలా ఓడలలో మాయమైనది. రెండుసార్లు సర్దే గది ఒకసారే సర్దుతామన్నారు. నోట్ల కవర్లు పోయి, వాటి స్థానంలో బిల్లులోనే రోజువారీ పద్దు వచ్చి కూర్చున్నది. కార్నివాల్ వారు దీన్ని మామూలు గదులకు 2023 ఏప్రిల్‌లో 16 డాలర్లకు, నార్వీజియన్ వారు అదే సంవత్సరం జనవరిలో 20 డాలర్లకు, రాయల్ కరిబియన్ వారు 2024 నవంబరులో పద్దెనిమిదిన్నర డాలర్లకు పెంచారు. పద్దెనిమిదిన్నర చొప్పున నలుగురికి ఏడు రోజులకు 518 డాలర్లు. పసిబిడ్డలను మినహాయించే కంపెనీలున్నవి గాని, ముసలివాళ్ళను మినహాయించేది మాత్రం మేము వినలేదు.

బక్షీసు అంటే ఇష్టపడి ఇచ్చేది గదా, రోజుకింత అని ముందే రాసిపెట్టినది బక్షీసెట్లా అవుతుంది, అది జీతమే, జీతమైతే టిక్కెట్టులోనే కలపరాదా అని ప్రయాణికులడుగుతారు. మాకు ఈ వాదంలో తప్పు కనిపించలేదు. కలపకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. కలిపితే ప్రకటనలో అంకె పెద్దదవుతుంది. రేవు ఖర్చులు కూడా అట్లాగే చాలా కాలం ప్రకటనల్లో కనిపించేవి కావు. 2024 జూలై 1 నుంచి కాలిఫోర్నియా రాష్ట్రంలో దాపరికపు రుసుముల మీద చట్టం అమలులోకి రాగా, పెద్ద కంపెనీలు ఆ రేవు ఖర్చులనూ పన్నులనూ అమెరికా అంతటా ప్రకటన ధరలోనే చూపడం మొదలుపెట్టినవి. బక్షీసు మాత్రం బయటనే ఉండిపోయినది.

అన్నిటికంటె చిత్రమైనది ‘ఉచితం’ అన్న మాట. నార్వీజియన్ వారు టిక్కెట్టుతోపాటు పానీయాల ప్యాకేజి ఉచితమని ప్రకటిస్తూ వచ్చారు. ఉచితమే, కాని దాని అసలు ధర మీద నూటికి 20 వంతున సేవారుసుము మాత్రం ప్రయాణికుడు ఇచ్చుకోవాలి. ప్యాకేజి ధర రోజుకు 109 డాలర్లని కట్టిన కాలంలో, ఆ ఉచితానికి రోజుకు 21 డాలర్ల 80 సెంట్లు, ఏడు రోజులకు 152 డాలర్ల 60 సెంట్లు అయినది. ఇట్లాంటి ఉచితం మన సంతలో ఎవడైనా అమ్మజూపితే పక్క దుకాణంవాళ్ళు కూడా నవ్వుతారు. కొన్ని కంపెనీలలో మరొక నియమమున్నది: గదిలో పెద్దవాడు ఒకడు మద్యపు ప్యాకేజి కొంటే ఆ గదిలోని పెద్దలందరూ కొనాలి. కొడుకు సరదాపడితే, మంచినీళ్ళు తాగే తండ్రికి కూడా లెక్క కట్టవచ్చునన్నమాట. ఒకే గదిలో సర్దుకుందామనుకునే మనవారు దీన్ని గమనించవలె.

రెండవ వైపు మాట కూడా చెప్పుకోవాలి. తాగనివాడు తాగేవాడి ఖర్చు ఎందుకు మొయ్యాలి? పెద్ద భోజనశాల మెతుకు చాలన్నవాడు వేటమాంసపు విందుకు చందా ఎందుకు కట్టాలి? విడివిడిగా పెట్టడమే మావంటివారికి లాభమని ఒప్పుకుంటాము. మా ఇంటావిడ కాఫీ ఒక్కటే గదా మాకు పడిన శిక్ష! ఒడ్డు మీద హోటలూ భోజనమూ లెక్కవేసుకుంటే ఓడే చవక అని వాదించే ప్రయాణికులు అక్కడా ఉన్నారు. కంపెనీలకూ కష్టకాలం వచ్చిన మాట నిజమే. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఓడలన్నీ రేవుల్లో కూర్చున్నవి. అమెరికా రేవుల నుంచి మళ్ళీ కదిలేసరికి 2021 జూన్ వచ్చినది. కార్నివాల్ అప్పులు 3,000 కోట్ల డాలర్లు దాటినవి. ఓడలో అమ్మే వాటి మీద వచ్చే రాబడే ఈ కంపెనీలకు మొత్తంలో రమారమి మూడింట ఒక వంతు. అటువంటప్పుడు టిక్కెట్టు తక్కువకు అమ్మి మనిషిని ఎక్కించుకొని, లోపల పిండుకొనడమే వారికి అనుకూలం.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మన సామెత. అందులో మాట తప్పినవాడు ప్రయాణికుడు. ఇక్కడ మాత్రం ఎక్కేదాకా మల్లయ్య ప్రయాణికుడే, ఎక్కిన తరువాత బోడితలా అతనిదే.

అయినా సొమ్ము పెరిగినందుకు మాత్రమే జనానికి ఇంత కోపం రాలేదని మా అభిప్రాయం. బహమాస్‌లో గ్రేట్ స్టిరప్ కే అనే చిన్న దీవి ఉన్నది. నార్వీజియన్ వారు 1977లో కొన్నారు. ఓడలో కొన్న పానీయాల ప్యాకేజి ఆ దీవి మీద కూడా చెల్లుతూ వచ్చినది. 2026 మార్చి 1 నుంచి అది దీవి మీద చెల్లదనీ, అక్కడికి వేరే ప్యాకేజి కొనుక్కోవాలనీ 2025లో ప్రకటించారు. ఆ తేదీ తరువాతి ప్రయాణాలకు చాలామంది అప్పటికే సొమ్ము కట్టి ఉన్నారు. ఒప్పందంలో చిన్న అక్షరాలలో మార్చుకునే హక్కు కంపెనీకి ఉంటుంది, కాదనము. కాని కొన్న తరువాత కొలత తగ్గిస్తే ఏమంటాము?

కార్నివాల్ వారి సంగతి మరొకటి. ఆ కంపెనీలో 200 రోజులు ప్రయాణం చేసినవారికి అన్నిటికంటె పై మెట్టు, వజ్రపు మెట్టు, ఇచ్చేవారు. రోజులే లెక్క గనుక, చిన్న గదిలో పోయినా పెద్ద గదిలో పోయినా ఒకటే. రిటైరైన బడిపంతులు కూడా ఇరవై ఏళ్ళు కూడబెట్టుకొని ఆ మెట్టు ఎక్కవచ్చును. 2025 జూన్‌లో ఆ పద్ధతి మారుస్తామన్నారు: ఇక రోజులు కాదు, ఖర్చు పెట్టిన డాలర్లే లెక్క. పాత ప్రయాణికులు దీనికి నొచ్చుకున్నంతగా బక్షీసు పెరిగినందుకు నొచ్చుకోలేదు. ఏళ్ళ తరబడి ఒక దుకాణంలో ఖాతా ఉన్నవాడిని, కొత్త యజమాని “మీరెవరు?” అని అడిగినట్లయినది వారికి.

ఓడ ప్రయాణికులు చవకను మాత్రమే చూస్తారనుకోవడం సరికాదనడానికి మన దక్షిణ దేశంలోనే పాత సాక్ష్యమున్నది. తమిళనాటి మనవారికి ఈ కథ తెలిసినదే. 1906లో వ.ఉ. చిదంబరం పిళ్ళెగారు తూత్తుకుడిలో స్వదేశీ నౌకా కంపెనీ స్థాపించి కొలంబోకు ఓడలు నడిపించినప్పుడు, బ్రిటిష్ ఇండియా కంపెనీ టిక్కెట్టు రూపాయికి దించినది. స్వదేశీవారు అర్ధరూపాయన్నారు. చివరకు తెల్లవారు ఊరికే ఎక్కండి, పైగా ఒక గొడుగిస్తామన్నారు. ఆ గొడుగు కాదని అర్ధరూపాయి ఇచ్చి స్వదేశీ ఓడ ఎక్కినవారున్నారు. పిళ్ళెగారిని 1908లో జైలులో పెట్టిన తరువాత ఆ కంపెనీ నిలువలేక 1911లో మూతబడ్డది.

ఇప్పటి ప్రయాణికులు కోపాన్ని తీర్చుకునే దారి ఒకటున్నది. అది మాకు నచ్చలేదు. చాలా ఓడలలో బల్ల దగ్గరకు పోయి అడిగితే రోజువారీ సేవారుసుము తీసివేస్తారు. ఆఖరు రాత్రి మేము వరుసలో నిలుచున్నప్పుడు మా ముందరాయన అదే చేయించుకున్నాడు. బల్ల వెనుక అమ్మాయి చిరునవ్వు చెదరకుండా నిమిషంలో కొట్టివేసినది. అట్లా కొట్టివేసిన సొమ్ము కంపెనీ పెట్టెలోది కాదు, పనివాళ్ళకు పంచవలసినది.

మా గది సర్దిన కుర్రవాడు మంగళూరు వైపువాడు. మేము బళ్ళారివాళ్ళం గనుక మొదటి రోజే కన్నడంలో పలకరించాము. ఎనిమిది నెలల ఒప్పందంలో ఆరు నెలలైనదట, ఆదివారమంటూ లేదట. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారమే రోజుకు 14 గంటల దాకా పని చేయించవచ్చును, వారానికి 72 గంటలు. ఇంటావిడకు జబ్బు చేసిన రాత్రి, తన వంతు కాకపోయినా రెండుసార్లు వచ్చి వేడినీళ్ళు పెట్టిపోయాడు. మా అల్లుడు కూడా ముందరాయనను చూసి, మనమూ తీయిద్దామా అన్నట్లు మా వైపు తిరిగాడు. “ఆ పిల్లవాడి పద్దు మీద చెయ్యి వెయ్యకు నాయనా” అన్నది ఆవిడ. రెండుసార్లు పడిన ఒక కాఫీ లెక్క మాత్రం కొట్టివేయించుకొని, తక్కినది ఇచ్చి వచ్చాము.

ఇప్పుడు ఈ విహారాలు మన తీరానికీ వచ్చినవి. 2021 సెప్టెంబరులో మన దేశంలో ప్రయాణాలు మొదలుపెట్టిన కార్డీలియా ఓడ 1990లో కట్టినది, పూర్వం రాయల్ కరిబియన్ వారిదే. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు వచ్చినది. ఓడలో జూదశాల ఉన్నదన్న అభ్యంతరం మీద పుదుచ్చేరి ప్రభుత్వం ఆ యాత్రలో తమ ఊళ్ళో ఆగనివ్వలేదు. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో విహార నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా తెరిచారు.

తాతగారు రంగూను పోయిన రేవును ఓడ మీద నుంచి చూడాలని మా ఇంటావిడ కోరిక. ఆవిడ పుట్టిల్లు బరంపురం. అందుచేత మొన్న బెంగుళూరులో ఒక ఏజెంటు దగ్గరకు పోయి, టిక్కెట్టులో ఏమేమి ఉన్నవో అక్కరలేదు, ఏమేమి లేవో కాగితం మీద రాసి ఇమ్మన్నాము. అతను నవ్వి, రాసి ఇచ్చాడు: మద్యం, ఇంటర్నెట్టు, ఒడ్డు మీది యాత్రలు, సేవారుసుము, పన్ను. ఫిల్టరు కాఫీ సంగతి కనుక్కొని ఫోను చేస్తానన్నాడు. ఆవిడ ఇంకా ఎదురు చూస్తున్నది.